ఆయుధధారణము: హక్కా, అనుజ్ఞయా?

1. ప్రస్తావన

తెలుగున ‘తుపాకి’ యను మాట పరభాషాగతము. తుర్కీ ‘తుఫెక్’, పారసీక ‘తుఫంగ్’ శబ్దములతో దానికి గల చుట్టఱికము స్పష్టము. ‘బందూకు’ అరబీ నుండి వచ్చినది. మందును గుండును గొట్టపు మూతి నుండి కూరి పేల్చు నాటు తుపాకిని తెలంగాణమున ‘బర్మారు’ అందురు. అది హిందూస్థానీ ‘భర్‌మార్’ శబ్దమునకు తెలుగు రూపము. ‘ఫిరంగి’ యనునది ఆ యాయుధమును తెచ్చిన పరదేశీయుల పేరే. వస్తువు వెంట పేరు వచ్చుట లోకసహజము గనుక ఇందులో వింత లేదు. విచారింపదగినవి ఆ వస్తువును కలిగియుండుటకు సంబంధించిన వేఱు రెండు మాటలు. ఒకటి ‘హక్కు’. ఇదియు అరబీ శబ్దమే. సత్యము, న్యాయము అను నర్థములు దానికి మూలమున కలవు. రెండవది ‘లైసెన్సు’. ఇది అనుమతింపబడుట యను నర్థము గల లాటిను ధాతువు నుండి పుట్టి, ఇంగ్లీషు ద్వారమున మన కచేరీలకు వచ్చినది. హక్కు గలవాడు ఒకరిని అడుగనక్కఱ లేదు. లైసెన్సు గలవాడు అడిగి పొందినవాడు. ఇచ్చినవారు దానిని మరల తీసికొనవచ్చును.

భారత జాతీయ నాయకులు 1887 మొదలు 1931 వఱకు ఆయుధ విషయమున మొదటి మాటను కోరుచు వచ్చిరి. స్వతంత్ర భారతము 1948లో ఆ కోరికను త్రోసిపుచ్చి, 1959లో రెండవ మాటనే చట్టముగ స్థిరపఱచెను. పరపాలనమున అన్యాయమని తోచినది స్వపాలనమున న్యాయమెట్లాయెను? ఇది మాట తప్పుటయా, లేక మొదటి కోరిక యందే మనము గుర్తింపని అర్థము వేఱొకటి కలదా? ఈ ప్రశ్నను పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము. దీనికై ఇంగ్లండు, అమెరికా దేశముల చరిత్రను కొంత తడవక తప్పదు. ఏలయన మన నాయకులు వాడిన పరిభాష ఆ దేశముల నుండి వచ్చినదే.

2. ఇంగ్లండు, అమెరికా: హక్కు, దాని యెల్లలు

ఆయుధధారణమును హక్కుగ పేర్కొన్న పూర్వ శాసనములలో ప్రసిద్ధమైనది ఇంగ్లండునందలి 1689 నాటి హక్కుల శాసనము. రెండవ జేమ్సు రాజు కాథలిక్కులకు ఆయుధములిచ్చి ప్రొటెస్టంట్లను నిరాయుధులను చేసెనని ఆ శాసనము ఆరోపించెను. దానికి చేసిన ప్రతిక్రియ ఏమనగా, ప్రొటెస్టంటు ప్రజలు తమ తమ అంతస్తునకు తగినట్లును, చట్టము అనుమతించినట్లును ఆత్మరక్షణార్థము ఆయుధములను కలిగియుండవచ్చునని ప్రకటించుట. ఈ యొక్క వాక్యములోనే మూడు యెల్లలు కలవు: మతము, అంతస్తు, చట్టము. అటు పిమ్మట ఆఱేండ్లకు, 1695లో, ఐర్లండునందలి కాథలిక్కులను నిరాయుధులను చేయుటకు వేఱొక శాసనము పుట్టెను. హక్కును ప్రకటించిన తరమువారే నిరాయుధీకరణమును కూడ శాసించిరి. పదునెనిమిదవ శతాబ్దమున న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టను తన ధర్మశాస్త్ర వ్యాఖ్యలలో ఆయుధధారణమును ఆంగ్ల ప్రజల సహాయక హక్కులలో ఐదవదిగ లెక్కించెను గాని, ఆ యెల్లలను మాత్రము తొలగింపలేదు.

అమెరికా రాజ్యాంగమునకు రెండవ సవరణము 1791లో అమలునకు వచ్చెను. సుశిక్షితమైన పౌరసేన స్వతంత్ర రాజ్యపు భద్రతకు ఆవశ్యకమని మొదట చెప్పి, ప్రజలు ఆయుధములను ఉంచుకొను హక్కునకు భంగము కలుగరాదని పిమ్మట చెప్పు ఆ యొక్క వాక్యము మీద రెండు శతాబ్దములకు పైబడి వివాదము సాగుచున్నది. మొదటి భాగము రెండవదానిని నియమించుచున్నదా, లేక కేవలము కారణమును తెలుపుచున్నదా యనునదే ఆ వివాదమునకు మూలము. వ్యాకరణము నెఱిగినవారికి ఇది క్రొత్త సమస్య కాదు. విశేషణము విశేష్యమును ఎంతవఱకు బంధించునను ప్రశ్న ఇచట ప్రాణములతో ముడివడియున్నది. స్థిర సైన్యముల యెడ భయము ఆనాడు బలముగ నుండెను. కేంద్ర ప్రభుత్వ సైన్యము ప్రజలను అణచివేయగలదను శంకకు సమాధానముగ జేమ్సు మాడిసను 1788లో ఫెడరలిస్టు వ్యాసములలో, ఆయుధములు గల ప్రజలును రాష్ట్ర పౌరసేనలును దానికి అడ్డు నిలువగలవని వ్రాసెను.

కాని అచట కూడ ‘ప్రజలు’ అను మాటలో అందఱును చేరలేదు. దక్షిణ రాష్ట్రములలో బానిసలకు ఆయుధములు నిషిద్ధములు; స్వతంత్రులైన నల్లవారికిని పెక్కుచోట్ల నిర్బంధములు ఉండెను. 1857 మార్చి నెలలో డ్రెడ్ స్కాట్ వ్యాజ్యెమున ప్రధాన న్యాయమూర్తి రోజరు టానీ నల్లవారు పౌరులు కాజాలరని తీర్పు చెప్పుచు, వారిని పౌరులుగ నంగీకరించినచో కలుగు పర్యవసానములను లెక్కపెట్టెను. వారు ఎచటికి పోయినను ఆయుధములను ధరింపవచ్చుననునది వానిలో నొకటి. అది ఎంతటి అసంభవమో చదువరులకు తెలిసినదే యనునట్లు ఆయన దానిని పేర్కొనెను. పౌరత్వమునకును ఆయుధమునకును గల ముడి ఇంత స్పష్టముగ మఱియొకచోట కానరాదు.

అంతర్యుద్ధానంతరము 1865-66లో కొన్ని దక్షిణ రాష్ట్రములు విముక్తులైన నల్లవారు తుపాకులు ఉంచుకొనరాదని నల్లవారి చట్టములు చేసినవి. 1868 నాటి పదునాల్గవ సవరణము వారికి పౌరత్వమిచ్చెను. అయినను 1873లో లూసియానా రాష్ట్రమున కోల్‌ఫాక్సు అను తావున తెల్లవారి గుంపు నల్లవారిని పెక్కుమందిని వధింపగా, దాని మీద నడిచిన క్రూయిక్‌షాంకు వ్యాజ్యెమున 1876లో సుప్రీంకోర్టు, రెండవ సవరణము కేంద్ర శాసనసభను మాత్రమే బంధించునని తీర్పు చెప్పెను. అనగా పొరుగువారు ఆయుధములను లాగికొన్నచో ఆ హక్కు వారికి రక్షణ కాలేదు.

3. మన దేశమున 1857

టానీ తీర్పు వెలువడిన సంవత్సరముననే మన దేశమున సిపాయీల తిరుగుబాటు సంభవించెను. ఆ యేడు గవర్నరు జనరలు కానింగు ప్రభుత్వము రెండు శాసనములు చేసెను. ఒకటి ముద్రణాలయములను గూర్చినది. రెండవది ఆయుధములను గూర్చిన 1857 నాటి ఇరువది యెనిమిదవ చట్టము. ఈ రెండింటి యందును జాతిభేదము పాటింపబడలేదు. కలకత్తా యందలి యూరపియను వర్తకులు, పత్రికాధిపతులు ఇందులకు మిక్కిలి ఆగ్రహించిరి. తిరుగుబాటు చేసినవారికిని తమకును ఒకే చట్టమా యని వారు వాదించిరి. కానింగు వారి మాట వినలేదు. ఆయనను ‘దయాళువు’ అని వారు ఎగతాళి చేయుటకు గల కారణములలో ఇదియు నొకటి.

తిరుగుబాటు అణగిన పిదప అయోధ్య మొదలగు ప్రాంతములలో కోటలు కూల్చివేయబడినవి. ఆయుధములు పెద్ద యెత్తున స్వాధీనము చేసికొనబడినవి. 1860 నాటి ముప్పదియొకటవ చట్టము ఆయుధముల తయారీ, దిగుమతి, విక్రయములను క్రమపఱచి, ప్రభుత్వము నిర్ణయించిన ప్రాంతములలో సంపూర్ణ నిరాయుధీకరణమునకు వీలు కల్పించెను. ఇంతవఱకు నిరాయుధీకరణము తిరుగుబాటు జరిగిన ప్రాంతములకు విధించిన శిక్ష వంటిది.

4. 1878: శిక్ష సాధారణ ధర్మమగుట

లిట్టను ప్రభువు వైస్రాయిగా నున్న 1878లో ఈ స్థితి మాఱెను. ఆ యేటి పదునొకండవ చట్టము ప్రకారము బ్రిటిషు ఇండియాలో లైసెన్సు లేక తుపాకిని గాని, మందుగుండును గాని కలిగియుండుట నేరమాయెను. కత్తులు, ఈటెలు, విండ్లు, బాణములు కూడ ఆయుధముల నిర్వచనమున చేరినవి. ఒకనాడు కొన్ని జిల్లాలకు విధించిన శిక్ష దేశమునకంతకు నిత్యధర్మమైనది.

చట్టము అంతటితో ఆగినచో దానిని కఠిన శాసనమని మాత్రమే అందుము. కాని దాని క్రింద చేసిన నియమములు కొన్ని వర్గములను మినహాయించినవి. అట్లు మినహాయింపబడినవారిలో యూరపియనులు, యూరేషియనులు ముఖ్యులు. భారతీయులలో రాజులు, బిరుదాంకితులు, ఉన్నతోద్యోగులు మున్నగువారికి మాత్రమే ఈ గౌరవము దక్కెను. తక్కినవాడు ఎంత విద్వాంసుడైనను, ఎంత రాజభక్తి గలవాడైనను లైసెన్సు కొఱకు జిల్లా కచేరీ యెదుట నిలువవలసినదే. కానింగు నిరాకరించిన జాతిభేదమును లిట్టను పాలనము చట్టమున ప్రవేశపెట్టెను.

ఆ 1878లోనే దేశభాషా పత్రికల చట్టమును పుట్టినది. అది ఇంగ్లీషు పత్రికలను వదలి దేశభాషా పత్రికలను మాత్రమే బంధించెను. ఈ రెండు చట్టములను ప్రక్కప్రక్కన నుంచి చూచిన వాని స్వరూపము తేటపడును. 1857లో పత్రికకును ఆయుధమునకును చేసిన చట్టములు అందఱికిని సమానములు. 1878లో ఒకటి భాషను బట్టియు, రెండవది జాతిని బట్టియు మనుష్యులను విభజించినవి. భాషాధ్యయనము చేయు మనకు ఈ పోలిక విశేషముగ గమనింపదగినది. రిపను ప్రభువు కాలమున పత్రికల చట్టము రద్దయ్యెను; ఆయుధముల చట్టము మాత్రము నిలిచెను. కలము కంటె తుపాకిని గూర్చిన అనుమానము బలవత్తరమని ఏలికలు ఇట్లు తామే చాటుకొనిరి.

ఈ మినహాయింపులలో కొడగు ప్రాంతము వారిది ఒక విలక్షణమైన కథ. అచటి కొడవ జాతివారికిని, జమ్మా భూములు గలవారికిని లైసెన్సు నుండి మినహాయింపు లభించినది. కొడవలు కైల్‌పోద్ పండుగనాడు ఆయుధములను పూజింతురు. స్వతంత్ర భారత ప్రభుత్వము కూడ ఈ మినహాయింపును కొనసాగించి, 2019లో దానిని 2029 వఱకు పొడిగించెను. 2021లో కర్ణాటక హైకోర్టు దానిని సమర్థించెను. ఒక జాతికి చట్టము విశ్వాసమును చూపినచో అది ఎంతకాలము నిలువగలదో దీనివలన తెలియుచున్నది.

5. కాంగ్రెసు తీర్మానములు, గాంధీమహాత్ముని అభిప్రాయము

కాంగ్రెసు మూడవ మహాసభ 1887 డిసెంబరులో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతను మద్రాసున జరిగెను. ఆయుధముల చట్టమును సవరింపవలెనని ఆ సభ తీర్మానించెను. యువకుడైన బిపిన్‌చంద్ర పాలుడు ఆ చట్టము యొక్క భేదబుద్ధిని ఖండించుచు ఉపన్యసించెను. తీర్మానపు సారమేమనగా, ప్రత్యేక కారణములచే నిషేధింపబడినవారు తప్ప తక్కినవారందఱును ఆయుధములను కలిగియుండునట్లు చట్టము మాఱవలెననుట. ఇందు నిషేధము మినహాయింపగును, స్వేచ్ఛ సాధారణమగును. చట్టమున నున్నది దీనికి సరిగా తలక్రిందులు.

తరువాతి సభలలో కూడ ఈ కోరిక మరల మరల వినవచ్చెను. ఆ వాదములను విడదీసి చూచిన మూడు పాయలు కనబడును. మొదటిది సమానత్వవాదము: అదే దేశమున నివసించు ఇరువురిలో ఒకనికి లేని షరతు మఱియొకనికి ఏల? రెండవది రక్షణవాదము: పులుల నుండియు, అడవిపందుల నుండియు, దొంగల నుండియు పల్లెవాసి తన ప్రాణమును, పంటను ఎట్లు కాపాడుకొనును? మూడవది పౌరుషవాదము: తరతరములు ఆయుధము ముట్టని జాతి తన దేశమును తాను రక్షించుకొను సామర్థ్యమును కోల్పోవును. ఈ మూడును వేఱు వేఱు వాదములను సంగతి ఆనాడు ఎవరును పట్టించుకొనలేదు. ఒకే చట్టము మూడింటికిని కారణమైనందున అవి ఒక్కటిగనే తోచినవి.

మూడవ వాదమును అహింసావ్రతుడైన గాంధీ ఎత్తుకొనుట పెక్కుమందికి వింతగ తోచును. 1918లో ఖేడా జిల్లాలో సైన్యమునకు భటులను చేర్చు సందర్భమున ప్రకటించిన కరపత్రములో ఆయన ఈ చట్టమును తీవ్రముగ నిందించెను. బ్రిటిషు పాలనము చేసిన దుష్కార్యములలో ఒక జాతినంతను నిరాయుధము చేసిన ఈ శాసనమును చరిత్ర అన్నిటి కంటె నల్లనిదానిగ నెంచునని ఆయన భావము. ఆత్మకథలో ఆయన ఈ సంగతిని మరల స్మరించెను. ఇందు వైరుధ్యము లేదు. పట్టగల శక్తి గలవాడు ఆయుధమును విడుచుట అహింస. లాగికొనబడినవాడు ఊరకుండుట నిస్సహాయత. త్యాగమునకు ముందు స్వత్వముండవలెను. 1930 జనవరి 26న చదివిన స్వాతంత్ర్య ప్రతిజ్ఞలో నిర్బంధ నిరాయుధీకరణము మనలను పౌరుషహీనులను చేసెనను మాట చేరుటకు ఈ భావమే మూలము.

కాని ఆ నెలాఖరునందే గాంధీ ప్రకటించిన పదునొకండు కోరికలలో ఆయుధములకు సంబంధించినది ఎట్లున్నదో చూడవలెను. ఆయన ఆత్మరక్షణార్థము తుపాకులకు లైసెన్సులిమ్మనియు, వాని మీద ప్రజల అదుపు ఉండవలెననియు కోరెను గాని, లైసెన్సు అక్కఱలేదని అనలేదు. ఇది చిన్న భేదము కాదు. ఆక్షేపణ లైసెన్సు మీద గాక, లైసెన్సునిచ్చువాని మీద నిలిచినది.

1928 నాటి నెహ్రూ నివేదిక యందును, 1931లో కరాచీ మహాసభ తీర్మానము నందును ఆయుధములను ఉంచుకొను హక్కు ప్రాథమిక హక్కులలో చేరెను. ఆ రెండు పత్రములును దానికి ఒక తోకను తగిలించినవి: తద్విషయమున చేయబడు నియమములకు లోబడి. అమెరికా వాక్యమునకు పౌరసేన ముందు నిలిచినట్లు, మన వాక్యమునకు నియమములు వెనుక నిలిచినవి.

6. మన్యమున, తెలంగాణమున

చట్టము పుట్టిన మఱుసటి యేడే, 1879లో, గోదావరి మన్యమున రంపపితూరి చెలరేగెను. దానికి ముఖ్యకారణములు కల్లు మీది నిర్బంధములు, మున్సబుదారు అన్యాయములు, పోలీసుల దౌర్జన్యములు. ఆయుధముల చట్టము కాదు. కాని 1882లో మద్రాసు అడవుల చట్టమును వచ్చి చేరిన పిమ్మట మన్యవాసి స్థితిని ఊహింపుడు. అడవి ప్రభుత్వముదాయెను, అడవిలో ప్రాణరక్షణకు కావలసిన సాధనము లైసెన్సునకు లోబడెను. పై చెప్పిన రక్షణవాదము పట్టణపు సభలలో ఉపన్యాసముగ నుండగా, ఇచట నిత్యజీవితమై యుండెను.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషనులను వరుసగ మూడు దినములలో ముట్టడించుట సుప్రసిద్ధము. ఆ ముట్టడుల లక్ష్యము ఆయుధసంపాదనము. తాను తీసికొన్న తుపాకుల వివరమును స్టేషను పుస్తకమున వ్రాసి సంతకము చేసెనను సంగతిని మన జనులు నేటికిని గర్వముతో చెప్పుకొందురు. ఆ సంతకమునకు సాహసము మాత్రమే అర్థము కాదు. లైసెన్సు పుస్తకమున అధికారి చేయవలసిన సంతకమును అచట తిరుగుబాటుదారు చేసెను. అనుజ్ఞ నిచ్చు అధికారము ఎవరిదను ప్రశ్నకు ఆయన ఇచ్చిన ఉత్తరము అది. 1924 మే 7న ఆయన కాల్చి చంపబడెను.

నైజాము రాష్ట్రము బ్రిటిషు ఇండియాలో చేరినది కాదు గనుక అచటి కథ వేఱు. 1946 జూలై 4న కడవెండి గ్రామమున దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలి యగునప్పటికి, ఊరేగింపుగ వచ్చిన రైతుల చేత నున్నవి కఱ్ఱలు, వడిసెలలు. దొర గడీలో తుపాకులు, ప్రజల చేతిలో వడిసెలలు: ఈ అసమానత చట్టపు పొత్తమున గాక గ్రామపు నడివీథిలో కనబడెను. అనంతరము రజాకారుల విజృంభణమును, సాయుధ పోరాటమును, 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్యయు జరిగినవి. పోరాటము 1951 అక్టోబరులో విరమింపబడెను. ఆయుధములు అసమానముగ నున్నచోట అవి హక్కయినను, అనుజ్ఞయైనను బలవంతునికే చేరునను పాఠమును తెలంగాణము నేర్పినది. ఆయుధములు విరివిగ వ్యాపించినచోట సామాన్యుడు ఇరువైపుల భయమునకు లోబడుననునదియు అచటి పాఠమే.

7. రాజ్యాంగ సభలో

పోలీసు చర్య ముగిసి మూడు నెలలైనను నిండకమునుపే, 1948 డిసెంబరు మొదటి దినములలో, రాజ్యాంగ సభ ముసాయిదా పదుమూడవ అధికరణమును చర్చించెను. అదియే నేటి పందొమ్మిదవ అధికరణము. వాక్స్వాతంత్ర్యము, సమావేశ స్వాతంత్ర్యము మున్నగు వాని సరసన ఆయుధధారణ హక్కును చేర్పవలెనని హెచ్.వి. కామతు సవరణమును ప్రతిపాదించెను. కరాచీ తీర్మానమును ఆయన సభకు జ్ఞాపకము చేసెను. నాడు ప్రజలకు చేసిన వాగ్దానమును నేడు విస్మరింప తగునా యనునది ఆయన వాదపు సారము.

డాక్టరు అంబేద్కరు దీనికి ప్రత్యుత్తరమిచ్చుచు కరాచీ తీర్మానమును దాని కాలమున నిలిపి చూపెను. పరప్రభుత్వము ఒక జాతిని అణచుటకు నిరాయుధము చేసిన సందర్భమున పుట్టిన కోరిక అది. ఆ సందర్భము పోయినది. స్వతంత్ర రాజ్యమున మనము నొక్కి చెప్పవలసినది ఆయుధము పట్టు హక్కును గాక, దేశరక్షణకై ఆయుధము పట్టవలసిన విధిని. ప్రతివాడును అంగడికి పోయి ఇష్టము వచ్చిన మారణసాధనమును నిరాటంకముగ కొనగలిగినచో రాజ్యపాలన సాగుట ఎట్లో తాను ఊహింపజాలనని ఆయన చెప్పెను. సవరణము వీగిపోయెను.

తుదకు పందొమ్మిదవ అధికరణమున ఆయుధమను మాట ఒకేచోట నిలిచినది: ఆయుధములు లేకుండ, శాంతియుతముగ సమావేశమగు హక్కు. ఆయుధధారణము హక్కుల పట్టికలో చేరకపోగా, ఆయుధరాహిత్యము ఒక హక్కునకు షరతైనది. దీనికి ఒక్క విశేషము మాత్రము కలదు. సిక్కులు కృపాణమును ధరించుట వారి మతధర్మములో భాగమని ఇరువది యైదవ అధికరణపు వివరణము అంగీకరించెను. అంబేద్కరు చెప్పిన విధి భావము 1976లో నలువది రెండవ సవరణము ద్వారమున, పిలుపు వచ్చినప్పుడు దేశమును రక్షించుట పౌరుని ప్రాథమిక విధియను రూపమున రాజ్యాంగమున చేరినది.

కామతు, అంబేద్కరు వాదములలో ఏది గెలువవలసినదను ప్రశ్న కంటె, ఇరువురును ఒకే తీర్మానమును రెండు విధముల చదివిరనునది ముఖ్యము. కామతు దానిని సార్వకాలిక సూత్రముగ చదివెను. అంబేద్కరు దానిని ఒక గాయమునకు పుట్టిన మూలుగుగ చదివెను. ప్రాచీన గ్రంథమునకు అర్థము చెప్పునప్పుడు మన వ్యాఖ్యాతలకు వచ్చు భేదము కూడ ఇట్టిదే.

8. 1959 చట్టము

1878 చట్టము స్వాతంత్ర్యానంతరము కూడ పదునైదేండ్లు కొనసాగెను. 1959లో పార్లమెంటు క్రొత్త చట్టమును చేసెను. అది 1962 అక్టోబరు 1న అమలునకు వచ్చెను. పాత చట్టము జాతినంతను నిరాయుధము చేయుటకు ఉద్దేశింపబడినదని ఈ క్రొత్త చట్టపు ఉద్దేశ ప్రకటనమే ఒప్పుకొన్నది. అయినను లైసెన్సు పద్ధతి పోలేదు. మాఱినది దాని లోపలి నిర్మాణము.

ఆ మార్పులను కాంగ్రెసు వాదముల మూడు పాయలతో పోల్చి చూతము. జాతిని బట్టి మినహాయించుట మొదటి ప్రపంచయుద్ధానంతరము 1919-20 ప్రాంతముననే నియమముల నుండి చాలవఱకు తొలగింపబడినది. చాలినంత ఆస్తి లేదను కారణమున మాత్రమే ఎవరికిని లైసెన్సును నిరాకరింపరాదని 1959 చట్టపు పదునాల్గవ సెక్షను స్పష్టముగ చెప్పినది. నిరాకరించినచో సాధారణముగ కారణములను వ్రాతమూలముగ నమోదు చేయవలెను. పై అధికారికి అప్పీలు చేసికొనవచ్చును. ఇవి సమానత్వవాదమునకు లభించిన ఫలితములు. పంటరక్షణ కొఱకు నిజముగ కోరువానికి మూతి నుండి మందు కూరు తుపాకికి లైసెన్సు ఈయవలెనని పదుమూడవ సెక్షను చెప్పుచున్నది. ఇది రక్షణవాదమునకు వచ్చిన ఫలితము. లాఠీ, చేతికఱ్ఱ, వ్యవసాయ పనిముట్లు ఆయుధముల నిర్వచనము నుండి తొలగినవి. పౌరుషవాదమునకు సమాధానము జాతీయ సైన్యమే గాని తుపాకి చట్టము కాదు.

కాని తక్కిన తుపాకులకు తగిన కారణము కలదని అధికారి తృప్తి పడవలెనను షరతు మిగిలియున్నది. 1983 సవరణము ఒకని వద్ద మూడు తుపాకులకు మించరాదనెను. 2019 సవరణము దానిని రెండుగ తగ్గించెను. 2023లో మన సుప్రీంకోర్టు లైసెన్సు లేని తుపాకుల వ్యాప్తిని గూర్చి ఆందోళన చెందుచు, అమెరికాలో వలె ఇచట ఆయుధధారణము ప్రాథమిక హక్కు కాదని జ్ఞాపకము చేసెను.

ఇదే కాలమున అమెరికాలో తీర్పుల ధోరణి వ్యతిరేక దిశను నడచినది. 1939లో మిల్లరు వ్యాజ్యెమున సుప్రీంకోర్టు ఆ హక్కును పౌరసేనతో ముడివెట్టి చదివెను. 2008లో హెల్లరు వ్యాజ్యెమున అయిదుగురు న్యాయమూర్తులు, నలుగురు విభేదింపగా, అది పౌరసేనతో నిమిత్తము లేని వ్యక్తిగతమైన హక్కని నిర్ణయించిరి. 2010లో మెక్‌డొనాల్డు తీర్పు దానిని రాష్ట్రములకును వర్తింపజేసెను. 2022లో బ్రూయెను తీర్పు, బహిరంగముగ తుపాకి ధరించుటకు తగిన ప్రత్యేక కారణమును చూపవలెనను న్యూయార్కు రాష్ట్రపు షరతును కొట్టివైచెను. మన చట్టమునకు ప్రాణమైన షరతే అచట రాజ్యాంగవిరుద్ధమైనది. 2024లో రహీమీ తీర్పు మాత్రము, గృహహింస విషయమున కోర్టు ఉత్తరువునకు లోబడిన ప్రమాదకరులను నిరాయుధులను చేయవచ్చునని ఎనిమిది మంది న్యాయమూర్తుల సమ్మతితో చెప్పెను. ఎవరికి ఉండవచ్చునను ప్రశ్న ముగిసిన చోటనే ఎవరికి ఉండరాదను ప్రశ్న మరల మొదలైనది.

9. ఉపసంహారము

పై చరిత్ర నుండి తేలు విషయములు రెండు.

మొదటిది. ఆయుధధారణమును హక్కుగ ప్రకటించిన ప్రతి దేశమును, ఆ హక్కు లేనివారి పట్టికను గూడ వెంటనే సిద్ధపఱచినది. 1689లో కాథలిక్కులు, 1857లో అమెరికా నల్లవారు, 1878లో భారతీయులు ఆ పట్టికలలో నుండిరి. పౌరుడెవడు, పౌరుడు కానివాడెవడు అను గీటును గీయుటకు ఆయుధము పెక్కుమారులు సాధనమైనది. కావున ఈ హక్కును గూర్చి అభిప్రాయము చెప్పువారు శాసనపు వాక్యమును చదివినంత శ్రద్ధతో మినహాయింపుల పట్టికను కూడ చదువవలెను.

రెండవది. మన నాయకులు 1887లో కోరినది తుపాకియని పైకి తోచినను, వారి హృదయమును బాధించినది సమానత్వభంగము. ఆ గాయము మానిన పిదప తుపాకిని గూర్చిన కోరిక బలము తగ్గుట స్వాభావికము. కాబట్టి 1948 నిర్ణయమును వాగ్దానభంగమనుట పూర్తిగ న్యాయము కాదు. అయితే వాగ్దానము సంపూర్ణముగ నెఱవేఱెననుటయు సరికాదు. 1887 తీర్మానము స్వేచ్ఛను సాధారణముగను, నిషేధమును మినహాయింపుగను కోరినది. 1959 చట్టము నిషేధమునే సాధారణముగ నుంచినది. గాంధీ 1930లో కోరిన ప్రజల అదుపు, అధికారి తృప్తియను మాటలో ఎంతవఱకు నెఱవేఱినదని ప్రశ్నించుటకు తావు మిగిలియున్నది. పంటను పందుల నుండి కాపాడుకొన గోరు సన్నకారు రైతు కచేరీ మెట్లెక్కినప్పుడు అతనికి ఎదురగునది హక్కు కాదు, తృప్తి పడవలసిన యొక అధికారి. ఆ అధికారి యిపుడు మనవాడు. అతడు కారణము వ్రాయవలసినవాడు. అతని మీద అప్పీలు కలదు. 1878కిని నేటికిని గల భేదము ఇంతియే. ఇది స్వల్పమని ఈ వ్యాసకర్త అనడు. కాని ఆ కారణములు నిజముగ వ్రాయబడుచున్నవా, ఆ అప్పీళ్ళు నిజముగ వినబడుచున్నవా యనుదానిని బట్టియే ఈ భేదమునకు విలువ.

మన పరిశోధక విద్యార్థులు 1878 మొదలు 1930 వఱకు గల తెలుగు పత్రికలలో ఆయుధ చట్టమును గూర్చి వెలువడిన లేఖలను, సంపాదకీయములను సేకరించినచో, హక్కు, అనుజ్ఞ, విధి అను మూడు మాటలు మన భాషలో రాజకీయార్థమును సంతరించుకొన్న క్రమమును గూడ నిర్ణయింప వీలగును. ఆ పని చట్టచరిత్రకు ఎంత అవసరమో, భాషాచరిత్రకును అంత అవసరము.